అత్తగారి మంచం పక్కన ప్రార్థన, ఓపిక: ఒక సోదరికి జవాబు

ప్రశ్న: మా అత్తగారికి పక్షవాతం వచ్చి ఏడాదిన్నర దాటింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. పనంతా నా మీదే. ఇదివరకు తెల్లవారుజామునే లేచి గంటసేపు ప్రార్థన చేసుకునేదాన్ని. ఇప్పుడు మోకరిస్తే చాలు నిద్ర ముంచుకొస్తోంది. మొన్న అన్నం ఉమ్మేస్తే ఆవిడ మీద గట్టిగా అరిచేశాను. నిజమైన విశ్వాసం ఉంటే ఓపిక దానంతటదే వస్తుందని మా ఆడపడుచు అంటుంది. ఈ మధ్య ఆవిడ మడమ దగ్గర ఎర్రబడింది కూడా. నేను ఆత్మీయంగా పడిపోయానా? (ఒంగోలు దగ్గర నుంచి ఒక సోదరి)

జవాబు:

వందనాలు చెల్లెమ్మా. ఆత్మీయ సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ మడమ సంగతి చూద్దాం. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైనదాన్ని, ఇప్పుడు మా స్త్రీల సమాజం తరఫున మంచాన పడినవాళ్ల ఇళ్లకు వెళ్లివస్తుంటాను. నా కన్ను ముందు అటే పోతుంది.

ఎర్రబడిన చోట వేలితో కాసేపు నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎరుపు తిరిగితే ఒత్తిడి ఇప్పుడిప్పుడే పడుతోందని అర్థం. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే పుండు మొదలైనట్టే. ఏదైనా సరే, ఈరోజు నుంచే పిక్క కింద మెత్తటి దిండు పెట్టి మడమ పరుపుకు తగలకుండా చేయండి. కొబ్బరినూనె రాసి మర్దనా చేస్తే తగ్గుతుందని ఎవరో ఒకరు చెబుతారు, వినకండి. లోపల దెబ్బతిన్న చర్మాన్ని రుద్దితే ఇంకా చెడుతుంది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి. గాలి పరుపు వేసినా తిప్పడం మానకూడదు. ఆవిడకు షుగరుంటే గానీ, చర్మం చిట్లినా నల్లబడినా గానీ ఆ రోజే డాక్టరుకు చూపించండి.

అన్నం ఉమ్మేయడం గురించి. కుడివైపు పడిపోయి మాట పోయిందంటే చాలామందిలో దెబ్బ తగిలింది మెదడు ఎడమ భాగానికి. ముఖం కుడివైపు, నాలుక, గొంతు కూడా సరిగ్గా పనిచేయకపోవచ్చు. ముద్ద బుగ్గలో ఇరుక్కుపోతుంది, మింగలేక బయటికి వస్తుంది. అది మొండితనం కాదు, మిమ్మల్ని ఏడిపించాలనీ కాదు. ఆవిణ్ణి నిటారుగా కూర్చోబెట్టి, బాగున్న ఎడమవైపు చిన్న ముద్ద పెట్టండి. మింగిందో లేదో చూసి ఇంకోటి. తిన్నాక కుడి బుగ్గలో ఏమైనా మిగిలిందా చూడండి, అరగంట దాకా పడుకోబెట్టకండి. పల్చటి నీళ్లకంటే కాస్త చిక్కగా ఉండే జావ తేలిగ్గా దిగుతుంది చాలామందికి. తింటుంటే దగ్గు వస్తున్నా, గొంతులో గురగుర వినిపిస్తున్నా ఆపేసి డాక్టరుకు చెప్పండి, ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు. ఉన్నట్టుండి ఏడవడం, సందర్భం లేకుండా నవ్వడం కూడా ఈ జబ్బులో ఉంటుంది. చాలామంది కోడళ్లు దాన్ని తమ మీద ఫిర్యాదు అనుకుని కుమిలిపోతారు.

ఓపిక గురించి అడిగితే మింగడం గురించి చెబుతోందేమిటి అనుకోకండి. సగం కోపం, ఎదుటి మనిషి కావాలని చేస్తోందనుకోవడం వల్ల వస్తుంది. జబ్బు సంగతి తెలిస్తే ఆ సగం దానంతటదే పోతుంది, దానికి ఉపవాసం అక్కర్లేదు. మిగిలిన సగానికి మాత్రం ఇప్పుడు చెప్పేది కావాలి.

మీరు రాసింది రెండుసార్లు చదివాను. పనంతా నా మీదే అని ఒక్క ముక్కలో రాసి దాటేశారు, ప్రార్థన కుదరడం లేదన్నదాన్ని మాత్రం పెద్ద నేరంలా రాశారు. నాకు కనిపించేది తలకిందులుగా ఉంది. ఆ ఇంట్లో భక్తికి లోటు లేదు, చేతులకు లోటుంది. ఒక మనిషి చేతులతో ముగ్గురు మనుషుల పని ఏడాదిన్నరగా నడుస్తోంది. నిద్ర ముంచుకురావడం అందువల్లే.

మొదటి రాజుల గ్రంథం పంతొమ్మిదో అధ్యాయంలో ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద పడుకుని ఇక చాలు ప్రభువా, ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవుడు ఆయనకు ప్రసంగం చేయలేదు. దూత వచ్చి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డితో నీళ్లు చూపించాడు. తిని తాగి మళ్లీ పడుకున్నాడు. రెండోసారి కూడా అంతే, లేపి తినమన్నాడు. హోరేబు కొండకు ప్రయాణం, అక్కడ దేవుడు మాట్లాడిన మెల్లని స్వరం, అన్నీ ఆ తర్వాతే. ఆ అధ్యాయం మీద నేను విన్న ప్రసంగాలన్నీ మెల్లని స్వరం దగ్గరే మొదలవుతాయి. రొట్టె దగ్గర ఆగినవాళ్లు తక్కువ.

తెల్లవారుజాము ప్రార్థన చిన్న సంగతి అని నేననను. ఇంకా చీకటుండగానే యేసు లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థించాడని మార్కు మొదటి అధ్యాయంలోనే ఉంది. అదే మార్కు ఆరో అధ్యాయంలో, భోజనం చేయడానికి కూడా తీరిక లేని శిష్యుల్ని పక్కకు వచ్చి కొంచెం అలసట తీర్చుకోమన్నదీ ఆయనే. రెండూ ఒకే గురువు మాటలు. రాత్రి రెండుసార్లు లేచి పక్కకు తిప్పినదానికి ఆ పొద్దున నిద్రపొమ్మన్నదే ఆయన మాట అనుకోండి.

మరి ప్రార్థన ఎప్పుడు? నెహెమ్యా రెండో అధ్యాయం తీయండి. రాజుకు గిన్నె అందించే సేవకుడాయన. రాజు ముందు నిలబడి ఉన్నాడు, చేతిలో గిన్నె, మనసు నిండా యెరూషలేము పాడైపోయిన దిగులు. నీకేం కావాలని రాజు అడిగాడు. ఆ ప్రశ్నకూ తన జవాబుకూ మధ్య ఆకాశమందలి దేవునికి ప్రార్థన చేశానంటాడు. ఎంతసేపు చేసుంటాడు? రాజు ఎదురుచూస్తుంటే గంటసేపు మోకరించలేడు కదా. ఒక ఊపిరంత. ఆ ఊపిరంత ప్రార్థన వెనక నెలల తరబడి చేసిన ఉపవాసం, కన్నీళ్లు మొదటి అధ్యాయంలో ఉన్నాయి. మీ వెనకా ఉన్నాయి, ఏళ్ల తరబడి తెల్లవారుజామున కూర్చున్నారు. ఆ నిల్వ ఎక్కడికీ పోదు. ఇప్పుడు దానిలోంచి తీసి వాడుకునే కాలం.

నేను వెళ్లే ఇళ్లలో ఒక అలవాటు చెబుతుంటాను. పక్కకు తిప్పిన ప్రతిసారీ ఒక్క వాక్యం. కుడికి తిప్పేటప్పుడు ఆవిడ కోసం, ఎడమకు తిప్పేటప్పుడు మీకోసం. ప్రభువా, ఈ వీపును కాపాడు. ప్రభువా, నా నడుమును కాపాడు. నవ్వుకున్నా ఫర్వాలేదు, నడుము కోసం ప్రార్థించకూడదని ఎక్కడా లేదు. డైపర్ మార్చేటప్పుడు ఏ మాటా రాకపోతే రానివ్వండి. ఎలా ప్రార్థించాలో మనకు తెలియనప్పుడు ఆత్మ మన పక్షంగా మాటలకందని మూలుగులతో విజ్ఞాపన చేస్తుందని పౌలు రోమా సంఘానికి రాశాడు.

ఇంకొకటి చేసి చూడండి. సాయంత్రం పూట ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడ చిన్నప్పుడు గుడిలో పాడిన పాత కీర్తన ఏదైనా నెమ్మదిగా ఎత్తుకోండి. పక్షవాతంతో మాట పోయినవాళ్లలో కొందరికి పాట మిగిలి ఉంటుంది. మంచినీళ్లు అనలేని మనిషి పల్లవిలో మాటలు స్పష్టంగా అందుకోవడం నేను చూశాను. ప్రతివాళ్లలోనూ అలా జరుగుతుందని మాటివ్వలేను. అందుకుంటే మాత్రం అదే మీ ఇంటి కుటుంబ ప్రార్థన, మీరిద్దరూ కలిసి చేసింది. కొత్త పాటలు వద్దు, ఫోన్‌లో పెట్టడం అంతకంటే వద్దు, మీ గొంతుతోనే పాడండి.

ఇప్పుడు ఓపిక. యోబు ఓపిక అని ఊరికే అంటుంటాం. యెహోవా ఇచ్చాడు, యెహోవా తీసుకున్నాడు అన్న మాట దగ్గర మొదలుపెట్టి, రెండంతలు తిరిగొచ్చిన చివరి అధ్యాయం దగ్గర ముగిస్తాం. మధ్యలో దాదాపు ముప్పై అధ్యాయాల పాటు ఆ మనిషి, ఆయన స్నేహితులు ఏం మాట్లాడారో గుడిలో చదివేవాళ్లు తక్కువ. మూడో అధ్యాయంలో తాను పుట్టిన రోజునే శపించుకున్నాడు. దేవుడితో వాదించాడు, జవాబు చెప్పమని నిలదీశాడు. స్నేహితులు మాత్రం నీలో ఏదో పాపం ఉంది, ఒప్పుకో, బాగుపడతావు అని పద్ధతిగా భక్తిగా మాట్లాడారు. చివరికి దేవుడు ఎవరి మీద కోపపడ్డాడు? స్నేహితుల మీద. నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గురించి యుక్తమైనది పలకలేదన్నాడు. ఏడ్చినవాణ్ణి పక్కన పెట్టలేదు, ఏడుపుకు కారణాలు చెప్పినవాళ్లను మందలించాడు. ఆ స్నేహితులు చేసిన ఒకే ఒక్క మంచి పని మొదట్లో ఉంది. ఏడు రోజులు నేల మీద అతని పక్కన కూర్చున్నారు, ఒక్క మాటా మాట్లాడలేదు. నోరు తెరిచాకే చెడిపోయింది.

మీ ఆడపడుచు నోరు తెరిచింది. విశ్వాసం ఉంటే ఓపిక దానంతటదే వస్తుందనడం వినడానికి వాక్యంలా ఉంటుంది, వాక్యం కాదు. శ్రమ ఓర్పును పుట్టిస్తుందని పౌలు రాశాడు, నిజమే. ఆ ఉత్తరం రాసింది ఒక సంఘానికి, ఒకరి భారాలు ఒకరు మోసే మనుషులకు. తలుపేసుకుని ఒంటరిగా మోస్తున్న ఒక కోడలికి కాదు.

ఆవిడ గురించి మీరు ఎక్కువ రాయలేదు గనుక నేనూ ఎక్కువ అనను. కానీ ఒక్కటి అడగండి, మర్యాదగానే: వదినా, నెలలో రెండు రోజులు అమ్మ దగ్గర ఉంటావా? మార్కు ఏడో అధ్యాయంలో యేసుకు కోపమొచ్చిన సందర్భం ఉంది. నా వల్ల మీకు రావలసింది కొర్బాను, అంటే దేవునికి అర్పితమైపోయింది అని చెప్పి తల్లిదండ్రులను చూడడం మానుకునేవాళ్ల గురించి అది. దేవుడి పేరు చెప్పి అమ్మానాన్నల్ని తప్పించుకోవడాన్ని, వాక్యాన్ని నిరర్థకం చేయడం అన్నాడాయన. కూటాలకూ ఉపవాస ప్రార్థనలకూ రాత్రి జాగరణలకూ వెళ్లి, తల్లి మంచం దగ్గరికి మాత్రం తీరిక దొరకనివాళ్లు మన సంఘాల్లో చాలామందే ఉన్నారు. ఆ అధ్యాయం మీద ప్రసంగం వినాలని నాకు ఎప్పట్నుంచో ఉంది.

మీ ఆయన ఏం చేస్తారో అసలు రాయనే లేదు. అమ్మకు డైపర్ మార్చడం మగవాడి పని కాదని అంటే, ఆయన గౌరవించే గురువే నడుముకు తువ్వాలు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగాడని గుర్తుచేయండి. సిలువ మీద ఊపిరి అందని స్థితిలో కూడా తల్లి బాధ్యత ఎవరికి అప్పగించాలో చూసుకున్నాడు. అప్పగించింది ఒక మగవాడికే. సిగ్గు అనిపిస్తే స్నానం మీరే చేయించండి. రాత్రి పన్నెండు నుంచి పొద్దున అయిదు దాకా తిప్పే పని ఆయన తీసుకోవచ్చు, దానికి సిగ్గేం లేదు.

మీది ఒంగోలు వైపు కాబట్టి ఇది చెప్పాలనిపిస్తోంది. ఊళ్లో ప్రార్థన కొండ మీకు తెలిసే ఉంటుంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీలైన జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి ఈ ప్రాంతానికి ఒక మనిషిని పంపమని ప్రార్థించిన సంగతి ఏటా చెప్పుకుంటాం. ఆ తర్వాత 1866లో అదే మిషను నుంచి జాన్ క్లౌ దొర ఒంగోలు వచ్చారు. 1876లో ధాత కరువు పడింది. జనం ఆకలితో చచ్చిపోతుంటే ఆయన చేసిందేమిటంటే, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నారు. పాస్టరు అవకముందు భూములు కొలిచే సర్వేయరుగా చేసిన మనిషి, ఆ విద్య పనికొచ్చింది. సువార్తికులను మేస్త్రీలుగా పెట్టి, ఆకలితో వచ్చినవాళ్లకు మట్టి పని ఇచ్చి కూలి ఇప్పించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్లు ఉన్నారు. ఇవ్వనన్నారు, కూటి కోసం వచ్చారన్న మాట ఎవరికీ రాకూడదని. కరువు తీరాక, కూలీ లేదు గంజీ లేదు అని తెలిసినా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నీళ్లలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి.

మనవాళ్లు కొండ కథ చెబుతారు, 2,222 కథ చెబుతారు. మధ్యలో కాలువ ఉందని మర్చిపోతారు. కొండ మీద ప్రార్థించిన ఆ మిషనే కాలువ తవ్వించింది. పలుగు పట్టినవాడు ప్రార్థన మానేశాడని అప్పుడెవరూ అనుకున్నట్టు లేదు. మీరిప్పుడు కాలువ దగ్గరున్నారు.

పాస్టరు గారి సంగతి మీరు రాయలేదు. వచ్చి ప్రార్థన చేసి వెళ్తుంటారనుకుంటాను. మీలో ఎవడైనా రోగియై ఉంటే సంఘ పెద్దలను పిలిపించుకోవాలి, వారు నూనె రాసి ప్రార్థన చేయాలి అని యాకోబు రాసినదాంట్లో రోగి గుడికి రావాలని లేదు, పెద్దలు ఇంటికి రావాలి. పిలవండి. ఆవిడకు ప్రభురాత్రి భోజన సంస్కారం ఇంటి దగ్గర ఇవ్వమని అడగండి. రొట్టె మింగలేదని భయముంటే చిన్న తునకను ద్రాక్షరసంలో నానబెట్టి ఇవ్వొచ్చు, ముందే చెప్పండి. ఏడాదిన్నరగా బల్లకు దూరమైన మనిషికి అదెంత కావాలో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఎవరైనా, విశ్వాసముంచి మాత్రలు ఆపేయండి, లేచి నడుస్తుంది అంటే గుమ్మం దగ్గరే ఆపేయండి. బీపీ మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు ఆపితే రెండో దెబ్బ రావచ్చు, ఈసారి ప్రాణమే పోవచ్చు. ఈ విషయంలో నేను ఎవరితోనూ మర్యాదగా మాట్లాడను. స్వస్థత కోసం ప్రార్థించే మనిషినే నేను, మాత్ర వేసి మరీ ప్రార్థిస్తాను.

రెఫీదీములో యుద్ధం జరుగుతుంటే మోషే చేతులెత్తినంతసేపు ఇశ్రాయేలు గెలిచింది, దించితే ఓడింది. చేతులు బరువెక్కాయి. అప్పుడు అహరోను, హూరు మోషే నీ విశ్వాసం ఏమైంది అని అడగలేదు. కూర్చోవడానికి ఒక రాయి తెచ్చి వేశారు, అటొకరు ఇటొకరు నిలబడి చేతులు పట్టుకున్నారు. సూర్యుడు అస్తమించేదాకా ఆ చేతులు నిలకడగా ఉన్నాయంటుంది వాక్యం. ఎవరి చేతులు? మోషేవే. నిలబెట్టింది మాత్రం ఇంకో ఇద్దరు. నేను చూసిన ఓపికంతా ఇలాంటిదే. పదేళ్లు మంచాన ఉన్న మనిషిని చూసుకుని కూడా నవ్వుతూ పలకరించే ఆడవాళ్లు నాకు తెలుసు, వాళ్ల వెనక వారానికోసారి వచ్చి వంట చేసే చెల్లెలో, రాత్రి కాపలా కాసే కొడుకో తప్పకుండా ఉంటారు. ఎవరూ లేకుండా ఓపిగ్గా ఉన్నట్టు కనిపించేవాళ్లలో కొందరు లోపల ఎండిపోయి ఉంటారు.

అరిచినదాని గురించి. వెళ్లి చెప్పండి: అత్తయ్యా, మొన్న అరిచాను, క్షమించండి. ఆవిడ జవాబు చెప్పలేకపోవచ్చు, చాలామందికి మాట రాకపోయినా మాట అర్థమవుతుంది. మళ్లీ కోపం తన్నుకొస్తే, ఆవిడ పడిపోకుండా మంచం పక్క కడ్డీ పైకి లేపి లేదా దిండ్లు అడ్డం పెట్టి, గదిలోంచి బయటికి వచ్చేయండి. వాకిట్లో నిలబడి ముఖం కడుక్కుని రండి. అన్నం అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఏమీ కాదు. చెయ్యి లేచేదాకా వస్తే, లేదా నేనే పోతే బాగుండు అన్న ఆలోచన వస్తే, దాన్ని అపవాది శోధన అని దాచిపెట్టుకోకండి. డాక్టరుకు చెప్పండి, మానసిక ఆరోగ్య సాయానికి ఉన్న 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే. వృద్ధుల సాయం గురించి అడగడానికి 14567 ఉంది. మీ జిల్లా ప్రభుత్వాసుపత్రిలో, ఇంటికొచ్చి మంచాన పడినవాళ్లను చూసే నర్సులున్నారేమో కనుక్కోండి.

ఇక చేతులు అడగడం. మన సంఘాల్లో ప్రార్థన చేయండి అని అడిగితే అందరూ తప్పకుండా అంటారు, అక్కడితో అయిపోతుంది. అడిగేటప్పుడు పని పేరు, రోజు, సమయం చెప్పి అడగాలి. స్త్రీల సమాజం గ్రూపులో ఇలా పెట్టండి, కావాలంటే ఉన్నదున్నట్టు కాపీ చేసుకోండి:

"అక్కలకు వందనాలు. మా అత్తయ్య మంచాన ఉన్న సంగతి మీకు తెలుసు. ప్రతి గురువారం మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు ఆవిడ పక్కన కూర్చోవడానికి ఒక్కరు కావాలి. అన్నం నేను పెట్టేసి ఉంచుతాను, ఒక్కసారి పక్కకు తిప్పితే చాలు, ఎలాగో చూపిస్తాను. ఆ మూడు గంటలు నేను నిద్రపోతాను. రాగలిగినవాళ్లు పేరు పెట్టండి."

నిద్రపోతాను అన్న ముక్క తీసేయకండి. బజారు పనుందనో బ్యాంకు పనుందనో రాయాలనిపిస్తుంది, రాయొద్దు. అందరూ కాదు, ఒకరో ఇద్దరో వస్తారు, చాలు. వచ్చిన మొదటి రోజు కొత్త మొహం చూసి అత్తయ్య ఏడవొచ్చు. పావుగంట మీరూ పక్కనే ఉండి, వచ్చినావిడ చేత రెండు చెంచాల జావ పట్టించి, పక్కకు ఎలా తిప్పాలో ఒకసారి చేయించి, అప్పుడు పక్క గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకోండి. మీ ఫోన్ ఆ వచ్చినావిడ చేతికే ఇచ్చేయండి.